కోచింగ్ లేకుండా లాసెట్‌లో మంచి ర్యాంకు వస్తుందా? కావలి నుంచి అడిగిన చెల్లికి

మీరు అడిగింది ఇదీ: కావలిలో బీకాం ఆఖరి ఏడు, తెలుగు మీడియం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయాలి. ఇంట్లో హైదరాబాద్ కోచింగ్‌కి పంపరు. ఇంటి దగ్గరే ఉండి చదివితే ర్యాంకు వస్తుందా, ఎక్కడ మొదలుపెట్టాలి?

వస్తుంది. హైదరాబాద్ అక్కర్లేదు. మాది టంగుటూరు దగ్గర పల్లె, నేనూ తెలుగు మీడియమే, కోచింగ్‌కి పోలేదు. ఇప్పుడు ఒంగోలులో ఒక సీనియర్ లాయరు దగ్గర జూనియర్‌గా చేస్తున్నా. నాతో పాటు రాసినవాళ్లలో కోచింగ్‌కి వెళ్లొచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి అక్కడ దొరికింది జిరాక్స్ మెటీరియలూ, వారం వారం టెస్టులూ. ఆ టెస్టులు మాత్రం పనికొచ్చేవే. పాత పేపర్లు ముందేసుకుని గడియారం పెట్టుకుంటే అవి ఇంట్లోనూ జరుగుతాయి.

పేపరు సంగతి చూడండి. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. అంటే ప్రశ్నకి 45 సెకన్లు. ‘ఏ’ పార్టులో జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, బీ పార్టులో కరెంట్ అఫైర్స్ 30, సీ పార్టులో లా ఆప్టిట్యూడ్ 60. తప్పుకి మైనస్ లేదు. 35 శాతం, అంటే 42 మార్కులు వస్తే క్వాలిఫై అయినట్టే. ఎస్సీ, ఎస్టీలకి ఆ కనీస మార్కు కూడా లేదు. నిజం చెప్పాలంటే 42 తెచ్చుకోవడం గొప్పేం కాదు. కానీ దాంతో సరిపెట్టుకుంటే అందరూ ఏరుకోగా మిగిలిన కాలేజీయే మీకు దక్కుతుంది. ఇద్దరికి సమాన మార్కులొస్తే ముందు చూసేది సీ పార్టు మార్కులే. అందుకే మీ చదువులో సగానికి పైగా టైము దానికే ఇవ్వండి. చాలామంది తెలిసిన జీకేనే మళ్లీ మళ్లీ తిరగేస్తూ సీ పార్టుని చివరి రెండు వారాలకి నెట్టేస్తారు. నా లెక్కలో ర్యాంకు పోయేది అక్కడే.

సీ పార్టులో రాజ్యాంగం ఒకటి, చట్టాల ప్రాథమిక సూత్రాలు ఒకటి. రాజ్యాంగానికి కొత్త పుస్తకం కొననక్కర్లేదు. మీ వీధిలో గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఒకరైనా ఉంటారు, వాళ్ల దగ్గర పాలిటీ పుస్తకం అడగండి. దాంతో పాటు రాజ్యాంగం బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా ఉన్నదున్నట్టు అచ్చేసిన పుస్తకం) ఒకటి పక్కన పెట్టుకోండి. ఆర్టికల్ నంబర్లు బట్టీ పడితే పది రోజుల్లో ఎగిరిపోతాయి. నేను మాత్రం ప్రతి నంబరునీ మన దగ్గర జరిగినదానికి ముడేసుకునేదాన్ని. ఆదేశిక సూత్రాల్లో 47వ ఆర్టికల్ మద్యపాన నిషేధం గురించి. మీ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాకి ఎదురు తిరిగారు, అది రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. ఇక 47 మర్చిపోతారా? అలాగే 3వ ఆర్టికల్, కొత్త రాష్ట్రాలు ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుదని చెప్పేది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి మా ప్రకాశం పంతులు గారు, ఆయనా బారిస్టరే. రాజధాని కర్నూలు. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాదుకి పోయి, మళ్లీ 2019 జనవరి 1న అమరావతికి వచ్చింది. ఈ ఒక్క వరసలో ‘ఏ’ పార్టు ప్రశ్నలూ ఉన్నాయి, సీ పార్టు ప్రశ్నలూ ఉన్నాయి.

గట్టిగా పట్టాల్సినవి: 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, 32, 226 కింద అయిదు రిట్లు (హక్కుల కోసం సుప్రీంకోర్టు, హైకోర్టు ఇచ్చే ఆదేశాలు), ఏ రిట్టు ఎవరి మీద వేస్తారో, ఎమర్జెన్సీ ఆర్టికళ్లు, 42, 44, 86 సవరణలు. ఆస్తి హక్కు 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి పోయి 300ఏ ఆర్టికల్‌లోకి ఎలా వచ్చిందో చూసుకోండి. సుప్రీంకోర్టు కేసుల్లో గోలక్‌నాథ్ 1967, కేశవానంద భారతి 1973, మేనకా గాంధీ 1978, పుట్టస్వామి 2017. ఒక్కో కేసుకి రెండు లైన్లు చాలు.

చట్టాల సూత్రాల దగ్గర మనలాంటి పల్లెటూరి పిల్లలకి ఒక వసతి ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. మా నాన్నది పొగాకు సేద్యం. బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) మీద పెట్టుబడికి ప్రామిసరీ నోట్లు రాయడం, వేలం డబ్బులు రాగానే తీర్చడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. నోటుకి గడువు మూడేళ్లని ఊళ్లో అందరికీ తెలుసు. గడువు దగ్గర పడుతుంటే అప్పిచ్చినాయన ఇంటికొచ్చి, ‘అసలు తర్వాత చూద్దాం, ఏదో కాస్త కట్టి చెల్లు రాయి’ అంటాడు. నోటు వెనక తేదీ, కట్టిన మొత్తం, కింద సంతకం. అంతే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. అదే 1963 నాటి లిమిటేషన్ యాక్టు, 19వ సెక్షన్. చెల్లు గడువు లోపలే పడాలి, దాటాక రాయించుకుంటే ఈ సెక్షన్ కింద లెక్కలోకి రాదు. గడువు దాటి నోటు మురిగిపోతే బాకీ కూడా పోయినట్టేనా? కాదు. కోర్టుకి పోయే దారి మూసుకుపోతుంది, బాకీ మాత్రం అలాగే ఉంటుంది. బాకీదారు ఆ పాత అప్పు కడతానని కాగితం మీద రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది చెల్లుతుంది. ఇదంతా గైడులో చదివితే నిద్రొస్తుంది. బీరువాలోంచి పాత నోటు తీయించుకుని, ముందూ వెనకా తిప్పి చూడండి, మళ్లీ చదవక్కర్లేదు.

అదే నోటు మీద పదిహేడేళ్ల కుర్రాడు సంతకం పెడితే? మైనరు ఒప్పందం మొదట్నుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో తేల్చారు. పద్దెనిమిది నిండాక ఔను నాదేనని ఒప్పుకున్నా దానికి ప్రాణం రాదు. లాటిన్ సూత్రాలూ ఇంతే. తిరనాళ్లలో ఎద్దుల బండలాగుడు పందేల దగ్గర, వద్దంటున్నా గిరి దాటి ముందుకెళ్లి నిలబడి దెబ్బ తగిలించుకున్నవాడు నష్టపరిహారం అడిగితే ‘వోలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా’ (తెలిసీ ఒప్పుకుని దిగినవాడికి పరిహారం ఉండదు) గుర్తుకు రావాలి.

ఒక జాగ్రత్త. సెకండ్ హ్యాండ్ గైడ్లలో ఇంకా ఐపీసీ, సీఆర్‌పీసీలే ఉన్నాయి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. హత్యకి 302వ సెక్షన్ పోయి న్యాయ సంహితలో 103 అయింది. జనం నోట్లో ఇంకా నానుతున్న 420, అంటే మోసం, ఇప్పుడు 318లో ఉంది. గుమిగూడొద్దని పెట్టే 144, సురక్షా సంహితలో 163. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఒక పేజీలో రాసుకోండి.

తెలుగు మీడియం అన్న టెన్షన్ వదిలేయండి. పేపరు తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటుంది. తెలుగు వాక్యం మెలికలు తిరిగినట్టుంటే వెంటనే ఇంగ్లీషు చూడండి, అందుకని ముఖ్యమైన మాటలు రెండు భాషల్లోనూ నోటికి రావాలి. మెంటల్ ఎబిలిటీకి సిరీస్‌లు, కోడింగ్, రక్తసంబంధాలు, దిక్కులు, క్యాలెండరు రోజూ ఓ అరగంట చాలు. కరెంట్ అఫైర్స్‌కి పేపరు చదివి నియామకాలు, అవార్డులు, క్రీడలు, సుప్రీంకోర్టు తీర్పులు ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి. యూట్యూబ్ బిట్లు చూస్తే చదివినట్టే ఉంటుంది, పరీక్షలో గుర్తుకి రావు. లాసెట్ వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది, మౌస్ అలవాటు లేకపోతే అది తప్పక చేయండి. చివరి అయిదు నిమిషాలు మిగుల్చుకుని, ఖాళీ ఉన్న ప్రతి ప్రశ్నకీ ఏదో ఒకటి పెట్టేయండి.

మీ తమ్ముడు ఇంటర్ తర్వాత క్లాట్ (జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) రాస్తానంటున్నాడన్నారు. దాని చదువే వేరు. పేపరు ఇంగ్లీషులోనే ఉంటుంది, 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కోత. పేరాలు చదివి జవాబు చెప్పాలి కాబట్టి మీ పుస్తకాలు అతనికి పెద్దగా పనికిరావు. హైదరాబాద్ నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య వర్సిటీ ఆ దారిలోవి. ఇప్పట్నుంచే ఇంగ్లీషు పేపరు ఎడిటోరియల్స్ చదవమనండి.

కాలేజీ విషయం. నెల్లూరు జిల్లా ఎస్వీ యూనివర్సిటీ లోకల్ ఏరియా, మా ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. 85 శాతం సీట్లు లోకల్‌వాళ్లకి, మిగతా 15కి ఆ లోకల్ కోటా లేదు. ఇంటి అడ్రసు కాదు, మీరు ఎక్కడ చదివారన్నదే చూస్తారు. కావలి నుంచి రైల్లో రోజూ పోయిరావాలంటే నెల్లూరు వీఆర్ లా కాలేజీ ఉంది. హాస్టల్లో ఉంటానంటే తిరుపతి పద్మావతి మహిళా వర్సిటీ పెట్టుకోవచ్చు. డిగ్రీలో ఓసీలకి 45, బీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం ఉండాలి, ఆఖరి సెమిస్టరు తేలిగ్గా తీసుకోకండి.

లోకల్ అని చూపాలి కాబట్టి స్టడీ సర్టిఫికెట్లు మాత్రం ఇప్పుడే తెచ్చి ఫైల్లో పెట్టుకోండి. మీరు చదివిన ప్రైవేటు స్కూలు ఈలోగా మూతపడి ఉంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, అదీ కౌన్సెలింగ్ తేదీలు నెత్తిమీదున్నప్పుడు.