పాఠకుల ప్రశ్నలు: పాత కారుకు కొత్త బుష్షులు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: నా దగ్గర 1967 నాటి మోరిస్ మైనర్ కారు ఉంది. ముందు సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులన్నిటినీ (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగులను) నిరుడు మార్పించాను. ఏడాది తిరగకుండానే అవి చిరిగిపోయాయి. కారు తిన్నని రోడ్డు మీద కూడా అటూ ఇటూ లాగుతూనే ఉంది. సరుకు నాసిరకమని మెకానిక్ అంటున్నారు. ఈసారి ఎలాంటివి కొనమంటారు?

జవాబు: నాసిరకం రబ్బరు మార్కెట్‌లో లేకపోలేదు. అయితే మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే సరుకు కంటే బిగించిన తీరునే ముందుగా అనుమానించాలి. సస్పెన్షన్ చేతుల్లో, అంటే చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీల్లో, వాడే రబ్బరు బుష్ బేరింగులా జారుతూ తిరిగేది కాదు. లోపలి భాగాన్ని బోల్టు, బయటి భాగాన్ని చేయి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి, చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడు ఆ కదలికనంతా మధ్యనున్న రబ్బరే మెలితిరిగి భరించాలి. కారును జాకీ మీద లేపి, చక్రం వేలాడుతూ ఉండగానే ఆ బోల్టును చివరిదాకా బిగించేస్తే, రబ్బరుకు ఆ వేలాడే స్థితే సహజ స్థితి అవుతుంది. కారును కిందికి దించగానే చేయి పైకి లేచి, రబ్బరు తడిగుడ్డను పిండినట్టు మెలిపడి, బండి నిలిపి ఉంచిన రాత్రంతా అలాగే ఉండిపోతుంది. ఆపైన ప్రతి గుంతా ఆ మెలికను ఇంకాస్త పెంచుతుంది. ఇలా బిగించిన బుష్ ఎంత మేలురకమైనా అంచుల దగ్గర చిరగక తప్పదు.

అందుచేత బోల్టులను మొదట వదులుగా మాత్రమే పెట్టించండి. చక్రాలు తొడిగి, కారును నేల మీదికి దించి, ఒకసారి ముందుకూ వెనక్కూ నెట్టి, బానెట్‌ను రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదిలితే సస్పెన్షన్ తన అసలు ఎత్తుకు వచ్చి కుదురుకుంటుంది. దించిన వెంటనే టైర్లు నేలను పట్టుకుని కారును కొంత ఎత్తులోనే ఆపేస్తాయి కాబట్టి ఈ నెట్టడం అనవసరపు తంతు అనుకోవద్దు. చివరి బిగింపు ఆ తరువాతే. కారు కిందికి వెళ్లే వీలు లేకపోతే, పని మొదలుపెట్టకముందే చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఉన్న దూరాన్ని కొలిచి రాసుకోండి. తరువాత కింది చేతిని జాకీతో అదే కొలతకు లేపి బిగించవచ్చు. జాకీని మాత్రమే నమ్ముకుని ఎవరూ కారు కిందికి వెళ్లకూడదు, స్టాండు తప్పనిసరి.

బుష్షులు చెడడానికి రెండో కారణం నూనె. పాత ఇంజన్లు నూనె కార్చడం తెలిసిందే. సహజ రబ్బరు ఆ నూనెను పీల్చుకుని, ఉబ్బి, మెత్తబడిపోతుంది. బుష్ సులువుగా ఎక్కడానికి మామూలు గ్రీజు పూసినా ఇదే జరుగుతుంది. సబ్బునీళ్లు గానీ, రబ్బరుకు పనికొచ్చే సిలికోన్ గ్రీజు గానీ వాడాలి. ఇక దశాబ్దాల నాటి అసలు కంపెనీ సరుకు, పెట్టె కూడా విప్పనిది, దొరికిందని మురిసిపోయేవారికి ఒక మాట: లోహపు భాగాలైతే కళ్లకద్దుకుని తీసుకోండి. రబ్బరు మాత్రం అలమరలో ఉన్నా ముసలిదవుతుంది.

ఇంతా చేశాక కూడా కారు అటూ ఇటూ లాగడం ఆగకపోవచ్చు. ఎందుకంటే అది బుష్షుల లోపమేనని ఇంకా ఎవరూ తేల్చలేదు. మైనర్‌లో ముందు చక్రాన్ని మోసే నిలువు పిన్ను పైనా కిందా ట్రనియన్లలో, అంటే లోపల మరలు (స్క్రూ గాడులు) ఉన్న లోహపు దిమ్మల్లో, తిరుగుతుంది. ఈ మరలకు గ్రీజు అందకపోతే అవి అరిగి, చివరికి కింది ట్రనియన్ ఊడి చక్రం ఒరిగిపోయే ప్రమాదం ఉంది. మైనర్ యజమానులు అన్నిటికంటే ఎక్కువగా భయపడవలసినది దీనికే. ఈ కారులో టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) బలం కింది చేతి మీద పనిచేస్తుంది కాబట్టి, జాకీని ఆ చేతి బయటి కొస కింద పెట్టి లేపితేనే ట్రనియన్ మీది భారం తగ్గి లూజు బయటపడుతుంది. టైరు కింద గడ్డపార ఆనించి మెల్లగా పైకి ఎత్తి చూడండి. తరువాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపుతూ, మరొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే లూజు మాయమైతే అది వీల్ బేరింగుది, మాయం కాకపోతే ట్రనియన్లది లేదా పిన్నుది. ట్రనియన్లు మార్చవలసి వస్తే, అవి ఎడమకూ కుడికీ వేర్వేరు అని గుర్తుంచుకోండి. టార్షన్ బార్ విప్పినప్పుడు ఏది ఏ వైపుదో గుర్తు పెట్టండి. కొంతకాలం ఒక దిశలో మెలి తిరిగిన బార్‌ను రెండో వైపు వేస్తే విరిగిపోవచ్చు. దాని మీద చిన్న గీత పడినా పగులు అక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి పానాతో పట్టుకుని లాగనివ్వవద్దు. పని ముగిశాక వీల్ అలైన్‌మెంట్ చూపించడం మరవకండి.

ప్రశ్న: రబ్బరు బదులు పాలీయురెథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్షులు వేస్తే ఇక జీవితాంతం మార్చనక్కరలేదంటారు. నిజమేనా?

జవాబు: నూనెకు చెడవన్నది నిజం, ఎక్కువకాలం నిలుస్తాయన్నదీ చాలావరకు నిజమే. కానీ ఇవి మెలితిరగవు, లోపలి గొట్టం మీద జారుతూ తిరుగుతాయి. కాబట్టి వాటితో వచ్చే ప్రత్యేక గ్రీజు పూయకపోతే కీచుమంటూ ప్రాణం తీస్తాయి. చేయి ఒకే ఇరుసు మీద తిరిగే చోట ఇవి చక్కగా పనిచేస్తాయి. వెనుక యాక్సిల్‌ను పట్టి ఉంచే కొన్ని చేతుల్లో మాత్రం బుష్ ఒకేసారి తిరగాలి, పక్కకు వంగాలి, కొంచెం నలగాలి. అక్కడ గట్టి పదార్థం పెడితే ఆ ఒత్తిడి బాడీకి అతికిన బ్రాకెట్ల మీద పడుతుంది, పాత కారులో ఆ బ్రాకెట్లు అప్పటికే తుప్పుపట్టి ఉండవచ్చు. నా అభిప్రాయం అడిగితే, రోజూ నెమ్మదిగా నడిపే కారుకు మంచి రబ్బరే మేలు. రోడ్డు మీది ప్రతి గరుకూ స్టీరింగులో తెలియాలని కోరుకునేవారి సంగతి వేరు.

ప్రశ్న: నా ట్రయంఫ్ హెరాల్డ్ కారు ముందు ట్రనియన్లకు గ్రీజు కొడుతున్నాను. నూనె పోయాలని ఒక మిత్రుడు వాదిస్తున్నాడు. ఎవరిది సరి?

జవాబు: మీ మిత్రునిదే. మైనర్ సంగతి వేరు, హెరాల్డ్ ట్రనియన్‌కు మాత్రం 90 గ్రేడు గేర్ ఆయిల్ వాడాలన్నది తయారీదారు సూచనే. గ్రీజు మరల లోతుకు సరిగా చేరదు, కొంతకాలానికి గట్టిపడి దారి కూడా మూసేస్తుంది. అప్పుడు లోపల చేరిన నీటికి ఉక్కు పిన్ను తుప్పుపట్టి, స్టీరింగును పూర్తిగా తిప్పినప్పుడు మరల పైభాగంలో విరిగిపోవచ్చు. ఇప్పటివరకు గ్రీజే వాడారు కాబట్టి వెంటనే నూనె పోసి ఊరుకోకండి. ట్రనియన్‌ను విప్పించి, శుభ్రం చేయించి, పిన్ను మరలలో తుప్పు గుంటలు కనిపిస్తే ఆ పిన్నును మార్పించి, కొత్త సీళ్లు వేయించిన తరువాతే నూనెకు మారండి.