చిట్టీ, బస్సు ఎక్కించే ముందు

బసవనగుడి,
బెంగళూరు

చిట్టీ,

మీ పూల క్లబ్బు వాళ్ళని 28 మందిని మైసూరు, శ్రీరంగపట్నం తోటలకి నువ్వే వెంటబెట్టుకుని వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పోయినేడు కుండీలో తులసిమొక్కని కూడా బతికించుకోలేకపోయిన పిల్ల! గర్వంగానే ఉందే. కానీ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్ళీ కన్ను మూతపడలేదు. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి ఓ బొటనవేలు బొమ్మ పడేస్తావని కాగితం మీద రాస్తున్నాను.

నీళ్ళు, గొడుగులు, మాత్రలు, వాంతులయ్యేవాళ్ళకి కవర్లు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. షుగరు ఉన్నవాళ్ళ టిఫిన్ ఎనిమిది దాటనివ్వకు. మైసూరు ప్యాలెస్‌లో చెప్పులు బయటే విడవాలి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళని సాక్సులు తెచ్చుకోమను. బాత్రూమ్ కనపడిన ప్రతిచోటా ఆపు, 'ఇప్పుడు వద్దులే' అన్నవాళ్ళని కూడా దింపు.

నీ ప్లాన్ మీ అమ్మ చదివి వినిపించింది. పొద్దున శ్రీరంగపట్నంలో దరియా దౌలత్, మధ్యాహ్నం మైసూరు ప్యాలెస్, సాయంత్రం బృందావన్. ఒక్కరోజులో మూడా? పెళ్ళిళ్ళ సీజన్లో మీ నాన్న మూడు రిసెప్షన్లకి వెళ్ళొచ్చినట్టుంటుంది, ఎక్కడ ఏం తిన్నాడో ఆయనకే గుర్తుండదు.

బృందావన్ తీసెయ్. దాని మీద నాకేం కోపం లేదు. 1927లో మొదలుపెట్టి 1932కి పూర్తిచేసిన తోట, దివాన్ మీర్జా ఇస్మాయిల్ పట్టుబట్టి వేయించాడు. గీత గీసింది మన లాల్‌బాగ్ క్రుంబీగల్. ఆ జర్మన్ పెద్దాయన 1908లో మైసూరు సంస్థానానికి వచ్చి, బెంగళూరు రోడ్ల పక్కన ఒక జాతి చెట్ల పూత అయిపోయేసరికి ఇంకో జాతి అందుకునేలా చెట్లు ఎంచి పెట్టించాడు. అలాంటాయన తోటకి చీకటిపడ్డాక వెళ్ళి, ఫౌంటెన్ లైట్లు చూసి ఈలలు వేసి రావడం నాకు నచ్చదు. పైగా అర్ధరాత్రి తిరుగు ప్రయాణం. డ్రైవరు కునికితే?

ఇంకో మాట. వరస తిరగెయ్. ముందు మైసూరు వెళ్ళిపోండి, పదింటికల్లా ప్యాలెస్‌లో ఉండొచ్చు. భోజనాలయ్యాక వెనక్కి వస్తూ శ్రీరంగపట్నంలో దిగండి. ఎలాగూ దారిలోదే. ఎందుకో ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే అర్థమవుతుంది.

వెళ్ళేది ఆగస్టులో కదా, కావేరి గురించి చెప్పకపోతే నాకు ప్రాణం కుదుటపడదు. కె.ఆర్.ఎస్. (కృష్ణరాజసాగర్) డ్యామ్ నిండి గేట్లెత్తితే నీళ్ళన్నీ శ్రీరంగపట్నం మీదుగానే పోవాలి. ముందురోజు పేపర్లో చూసుకో. గేట్లెత్తకపోయినా కావేరి పాయలు కలిసే సంగమం దగ్గర ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వకు. 'కాళ్ళు తడుపుకుని వచ్చేస్తాం అక్కా' అంటారు. రాళ్ళ మీద నాచు ఉంటుంది. చీర కుచ్చిళ్ళు తడిస్తే మనిషి లేవలేదు. నువ్వు మాత్రం? ఏడేళ్ళప్పుడు చెరువులో చెప్పు పోయిందని దాని వెనకే దూకబోయిన దానివి నువ్వు!

దరియా దౌలత్ టిప్పు 1784లో టేకుతో కట్టించుకున్న వేసవి విడిది. పూల క్లబ్బు వాళ్ళు చెట్ల కిందే నిలబడిపోతారు. లోపలికి తోలు. గోడ మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంటుంది, అందులో ఓడిపోయిన ఈస్టిండియా కంపెనీ సేనాని బెయిలీ దొర పల్లకీలో కూర్చుని ఉంటాడు. 1799లో టిప్పు పోయాక ఆ ఇంట్లోనే బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ దొర కాపురముండటం నాకెప్పుడూ వింతగా తోస్తుంది. తన వాళ్ళు ఓడిపోయిన బొమ్మ పక్కనుంచే ఆయన రోజూ అటూ ఇటూ తిరిగుండాలి కదా.

ఇక అసలు సంగతి. దీన్ని మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

1994 ఆగస్టులో ఇలాగే ఒక బస్సుని నేను తీసుకెళ్ళాను. మేమూ 28 మందిమే. దరియా దౌలత్ చూసుకుని మూడున్నరకి బయల్దేరాం. ముందు నుంచి వెనక దాకా నడిచి వేలితో లెక్కపెట్టాను. సరిగ్గా 28. 'రైట్' అన్నాను. చివరి సీట్లో తల వంచుకుని ఒక కుర్రాడున్నాడు. మండ్య దాకా అని డ్రైవరు తన మేనల్లుణ్ణి ఎక్కించుకున్నాడు. నాకు చెప్పలేదు, నేను అడగలేదు. దారి పొడుగునా అంత్యాక్షరి. నేనూ పెద్ద గొంతుతో పాడుతున్నాను. కుర్రాడు మండ్యలో ఎప్పుడు దిగాడో చూడనే లేదు.

అప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే ఏదీ, 2023లో వచ్చిందది. పాతరోడ్డు మీద మద్దూరులో ఆగి వడ తినకుండా ఎవరూ బెంగళూరు చేరేవాళ్ళు కాదు. 28 ప్లేట్లు చెప్పాను. అందరూ తీసుకున్నాక ఒక ప్లేటు బల్ల మీదే ఉంది.

'ఎవరు తినలేదు?' అన్నాను. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చిట్టీ, ఎవరు లేరో మాలో ఎవరూ చెప్పలేకపోయారు. బస్సెక్కి చూస్తే నాలుగో వరస కిటికీ దగ్గర ఒక గుడ్డసంచీ. అందులో గొడుగు, మడతపెట్టిన స్వెట్టరు, చిన్న పర్సు. నెల క్రితమే క్లబ్బులో చేరినావిడ. భర్త పోయి రెండేళ్ళయింది, ఎక్కువ మాట్లాడేది కాదు. పక్కన కూర్చున్న ఆవిడ పాటల కోసం ముందుకొచ్చేసింది. గంటకి పైగా ప్రయాణం చేశాం. ఆవిడ లేదని గుర్తు చేసింది వడల ప్లేటు.

అప్పట్లో సెల్‌ఫోనా పాడా. బస్సు వెనక్కి తిప్పించాను. ఒకళ్ళిద్దరు సణిగారు. నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నాను, కూర్చోబుద్ధి కాలేదు. మనసు మాటిమాటికీ తోట వెనక ఏటి మీదకే పోతోంది.

చేరేసరికి ఆరు. సన్నగా తుంపర. గేటు బయట తోటమాలి ఇంటి అరుగు మీద, చేతిలో స్టీలు గ్లాసుతో కూర్చుని ఉంది. నేను బస్సు దిగి ఏడుస్తూ పరిగెత్తాను. ఆవిడ ఏడవలేదు. 'ఈ గోడ పక్కన చంద్రకాంత మొక్కలున్నాయండీ. నాలుగున్నరకి ఒకటి విచ్చింది. అప్పట్నుంచి లెక్కపెడుతున్నాను. 63 అయ్యాయి' అంది. తన పేరు పెట్టి పిలవాలని నోరు తెరిచాను. పేరు తెలియదు నాకు. క్లబ్బు రిజిస్టర్లో నా చేత్తో రాసినదే.

మర్నెల మీటింగుకి ఆవిడ రాలేదు. ఆ పైనెల కూడా రాలేదు. చిరునామా పట్టుకుని నేనే వెళ్ళాను. కాఫీ ఇచ్చి, చీటీలో పొట్లం కట్టిన గింజలు చేతిలో పెట్టింది. నల్లగా, మిరియాల్లా ఉన్నాయి. ఆ తోటమాలి భార్య ఇచ్చిందట. మీ కాంపౌండు గోడ పక్కన సాయంత్రాలు విచ్చే గులాబీరంగు చంద్రకాంతలు, చిన్నప్పుడు నువ్వు తెంపి గౌను నిండా పోసుకునేదానివి చూడు, అవి ఈ గింజలవే.

అందుకని తలలు లెక్కపెట్టకు. ఎక్కేముందే ఇద్దరిద్దర్ని జంట కట్టు. ప్రతివాళ్ళూ తన జంట మనిషి పేరూ ఫోన్ నంబరూ రాసుకోవాలి. ఎక్కిన ప్రతిసారీ 'నా మనిషి ఉంది' అని వాళ్ళు చెప్పాలి, నువ్వు చూసి టిక్కు పెట్టుకోవాలి. స్నేహితురాళ్ళని జంట కట్టకు, వాళ్ళు ఎలాగూ అతుక్కునే ఉంటారు. కొత్తవాళ్ళని పాతవాళ్ళతో వెయ్యి. ఎవరైనా మిగిలితే నీతో. డ్రైవరు ఎవర్ని ఎక్కించుకున్నా ముందు నీకు చెప్పాలని పొద్దున్నే చెప్పెయ్, మొహమాటపడకు. నీకు మొహమాటం ఎక్కువ, అది మా వైపు నుంచే వచ్చింది.

దరియా దౌలత్ దగ్గర సాయంత్రం నాలుగున్నర దాకా ఉండు. ఆ తోటమాలి ఇల్లు ఇప్పుడుంటుందని కాదు. ఆ పొద్దువేళకి తోట ఎలా ఉంటుందో ఆవిడొక్కతే చూసింది, నేను చూడలేదు.

బస్సులో ఖాళీలుంటే రెండు సీట్లు అట్టిపెట్టు. నిన్న ఫోన్ పెట్టేశాక ఆవిడకే ఫోన్ చేశాను. ఈమధ్య కళ్ళకి ఆపరేషన్ అయింది, అయినా వస్తానంటోంది. మేమిద్దరం జంట. కిటికీ ఆవిడకి ఇవ్వు. నాకు కాలు చాపుకునే చోటు చాలు. వడలు నేను తెస్తాను. ఇప్పటి రోడ్డు మద్దూరు ఊళ్ళోకి పోదట కదా.

మీ పెద్దమ్మ