షేర్డ్ ఫోల్డర్‌లో అనుమతుల చిక్కు

ప్రశ్న: మాది చిన్న ఆడిటర్ ఆఫీసు. విండోస్ సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌ను స్టాఫ్ అందరికీ షేర్ చేశాం. కొత్తగా చేరిన అమ్మాయికి సెక్యూరిటీ ట్యాబ్‌లో మాడిఫై (ఫైళ్లను మార్చే అనుమతి) ఇచ్చినా ఫైలు సేవ్ కావడం లేదు. పాతవారికి మాత్రం అవుతోంది. అకౌంట్స్ ఫోల్డర్ నుంచి కట్ చేసి కామన్ ఫోల్డర్‌లో పేస్ట్ చేసిన ఫైళ్లేమో అకౌంట్స్ వారికి తప్ప ఎవరికీ తెరుచుకోవడం లేదు. ఇక అందరికీ ఫుల్ కంట్రోల్ ఇచ్చేయమంటారా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఫుల్ కంట్రోల్ ఉన్నవారు ఫైళ్లను దిద్దడమే కాదు, ఎవరికి ఏ అనుమతి ఉండాలో కూడా మార్చేయగలరు. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ఏ ఒక్కరి కంప్యూటర్‌లోకి చొరబడినా, ఆ వ్యక్తికి రాసే హక్కున్న ఫోల్డర్లన్నీ దాని చేతికి చిక్కుతాయి. మీ దగ్గర ఉన్నవి క్లయింట్ల పన్ను లెక్కలు కనుక ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలి.

నెట్‌వర్క్ మీదుగా తెరిచే ఫోల్డర్‌కు షేరింగ్ ట్యాబ్‌లో ఒక అనుమతుల జాబితా, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొకటి ఉంటాయి. ఆ రెండింటిలో ఏది తక్కువ హక్కు ఇస్తే అదే చెల్లుతుంది. వీధి గేటు మూసి ఉంటే గది తాళంచెవి చేతిలో ఉన్నా లోపలికి వెళ్లలేం కదా! పాతవారి పేర్లను అప్పట్లో షేరింగ్ జాబితాలో విడివిడిగా చేర్చి ఉంటారు; కొత్త అమ్మాయి పేరు అక్కడ లేకపోవడంతో, ఎవ్రీవన్‌కు (అంటే అందరికీ) మామూలుగా ఉండే రీడ్, అంటే చదివే హక్కు ఒక్కటే ఆమెకు వర్తిస్తూ ఉండాలి. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లోని పర్మిషన్స్ తెరిచి చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

ఇలా మనుషుల పేర్లు చేర్చుకుంటూ పోవడమే అసలు చిక్కు. అకౌంట్స్, ఆడిట్ అని గ్రూపులు చేసి, షేరింగ్‌లో ఆ గ్రూపులకు ఛేంజ్ (చదివి, మార్చే హక్కు) ఇచ్చి, ఏ ఫోల్డర్‌లో ఎవరు ఏం చేయవచ్చన్నది సెక్యూరిటీ ట్యాబ్‌లోనే నిర్ణయించండి. రోజువారీ పనికి మాడిఫై సరిపోతుంది. ఎవరైనా చేరినా, మానేసినా గ్రూపులో పేరు మారిస్తే చాలు; అయితే కొత్తగా చేర్చినవారు ఒకసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితేనే ఆ మార్పు అమలవుతుంది. అనుమతిని నిరాకరించే డినై జోలికి మాత్రం వీలైనంత వరకు వెళ్లకండి. స్టాఫ్ అందరూ ఉన్న గ్రూపుకు డినై పెడితే, ఆ గ్రూపులో మీ పేరు కూడా ఉన్న పక్షంలో మీకూ ఆ ఫోల్డర్ తెరుచుకోదు.

ఇక రెండో సమస్య. ఒకే డ్రైవ్‌లో కట్ చేసి పేస్ట్ చేసిన ఫైలు సాధారణంగా పాత ఫోల్డర్ అనుమతులనే వెంట తెచ్చుకుంటుంది. కాపీ చేసిన ఫైలు కొత్త ఫోల్డర్ అనుమతులను తీసుకుంటుంది. అందువల్ల ఇకపై కాపీ చేసి, అది తెరుచుకుంటోందని చూసుకున్నాక పాతదాన్ని తొలగించమని స్టాఫ్‌కు చెప్పండి. ఇప్పటికే మొరాయిస్తున్న ఫైళ్ల మీద కమాండ్ ప్రాంప్ట్‌లో ఐకాక్ల్స్ (icacls) అనే అనుమతుల కమాండ్‌ను రీసెట్ (/reset) ఆప్షన్‌తో నడిపితే అవి కామన్ ఫోల్డర్ అనుమతులకు మారిపోతాయి.