క్లైంబింగ్ జిమ్‌కి మళ్లీ వెళ్లేముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

2021 జూన్ 20న తెలంగాణలో కరోనా లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. ఆ ఏడాది ఆగస్టు మొదటి వారంలో టోక్యో ఒలింపిక్స్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ తొలిసారి కనిపించింది. దాంతో గోడ ఎక్కే జిమ్‌ల గురించి ఉత్తరాలు బాగా పెరిగాయి. ఎక్కువమందికి పనికొచ్చే ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కోవిడ్ టీకా రెండు డోసులూ వేయించుకున్నాను. మా దగ్గర బౌల్డరింగ్ (రోప్ లేకుండా పొట్టి గోడ ఎక్కే) జిమ్ తెరిచారు. ఒకే హోల్డ్‌ని (గోడకు బిగించిన పట్టుగుబ్బని) రోజంతా ఎంతమంది పట్టుకుంటారో తలుచుకుంటేనే భయంగా ఉంది. శానిటైజర్ ఎన్నిసార్లు రాసుకోవాలి? (కొండాపూర్)

మూడు సందర్భాల్లో రాసుకుంటే చాలు: లోపలికి వెళ్లగానే, నీళ్లు తాగడానికో ముఖం తుడుచుకోవడానికో ముందు, బయటికి వచ్చేటప్పుడు. ప్లాస్టిక్ మీద ఈ వైరస్ 72 గంటల వరకు ఉండగలదని 2020లో ప్రయోగశాలలో చూసిన మాట నిజమే. అయితే జనానికి జబ్బు అంటుకుంటున్నది ప్రధానంగా ఊపిరి వల్ల. హోల్డ్ మీద ఉన్నది మీ చేతికి అంటి, ఆ చేయి ముక్కునో నోటినో తాకితేనే ప్రమాదం. పక్కవాళ్లు వదిలిన గాలిని మాత్రం అక్కడున్నంతసేపూ పీలుస్తూనే ఉంటారు.

బౌల్డరింగ్‌లో గోడ మీద ఉండేది అర నిమిషమో నిమిషమో. తర్వాత మూడు నాలుగు నిమిషాలు కింద మ్యాట్ అంచున కూర్చుంటారు. రొప్పుతూ, మాస్కు గడ్డం కిందికి లాగి, పక్కవాళ్లతో "ఎడమ కాలు అక్కడ పెట్టి చూడు" అని మాట్లాడేది ఆ సమయంలోనే. అసలు ముప్పు అక్కడుంది. కాబట్టి కూర్చున్నప్పుడు మాస్కు ఉండి తీరాలి. మాటలు ఆరడుగుల దూరం నుంచే సాగాలి. కష్టమైన ప్రయత్నంలో మాస్కుతో ఊపిరి ఆడకపోతే తేలికైన రూట్లకు దిగండి, మాస్కు మాత్రం తీయకండి. చెమటకు తడిసిన మాస్కులోంచి గాలి సరిగా ఆడదు, వడకట్టే గుణమూ తగ్గుతుంది. అందుకని గంటన్నర సెషన్‌కి మూడు మాస్కులు తీసుకెళ్లండి. వాల్వ్ ఉన్న మాస్కు మీరు వదిలే గాలిని వడకట్టకుండానే బయటికి పంపిస్తుంది, అది వద్దు.

జిమ్‌లో గాలి సంగతి తెలుసుకోవాలంటే చేతిలో పట్టే కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి సంపాదించండి. ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో కొలిచే) సెన్సర్ ఉన్నదే కొనండి, చవక రకాలు శానిటైజర్ ఆవిరికే అంకె పెంచేస్తాయి. ఆరుబయట అది 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) దగ్గర చూపిస్తుంది. జిమ్‌లో 800 లోపు ఉంటే మంచి గాలి. 1200 చూపిస్తే? మనం వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 40,000 పీపీఎం. ఆ లెక్కన మీరు పీల్చే గాలిలో సుమారు రెండు శాతం ఇంకొకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చినదే. అంకె అంత పైకి వెళ్తే ఆ రోజుకి బూట్లు విప్పేయండి. టీకా మిమ్మల్ని ఆసుపత్రి పాలు కాకుండా చాలావరకు కాపాడుతుంది. కానీ 2021లో ఎక్కువగా వ్యాపించిన డెల్టా రకం కరోనా మీకు సోకకుండా, మీ నుంచి ఇంట్లో పెద్దవాళ్లకు చేరకుండా పూర్తిగా ఆపలేదు.

ప్రశ్న: చిన్న క్లైంబింగ్ జిమ్ నడుపుతున్నాను. హాలు 15 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 6 ఎత్తు. రెండు స్ప్లిట్ ఏసీలున్నాయి. రోజూ రాత్రి హైపోక్లోరైట్ (బ్లీచింగ్ రకం క్లోరిన్ మందు) ఫాగింగ్ చేయిద్దామనుకుంటున్నాను. ఇంకేం చేయాలి? (విశాఖపట్నం)

ముందు ఆ ఫాగింగ్ ఆలోచన మానుకోండి. మూసి ఉన్న చోట మందు పొగ పట్టించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. మీ విషయంలో అది ప్రాణాల మీదికి వచ్చే పని. రోపులు, హార్నెస్‌లు (ఒంటికి కట్టుకునే పట్టీలు), స్లింగ్‌లు (పట్టీ ఉచ్చులు) ఎక్కువగా నైలాన్‌వి. క్లోరిన్ నైలాన్‌ని లోపల్నుంచి తినేస్తుంది, పైకి రంగు కూడా మారకపోవచ్చు. హోల్డ్‌ల బోల్టులు, అవి బిగిసే టీ-నట్లు తుప్పు పడతాయి. ఇప్పటికే ఒకసారి చేయించి ఉంటే, ఆ గదిలో వేలాడుతున్న రోపులూ స్లింగ్‌లూ వాడకం నుంచి తీసేసి, ముక్కలుగా కోసి పారేయండి. ఊరికే పక్కన పెడితే ఎవరో ఒకరు మళ్లీ వాడతారు.

మీ హాలు ఘనపరిమాణం 900 ఘనపు మీటర్లు. గంటకు ఆరుసార్లు గాలి మారాలంటే 5,400 ఘనపు మీటర్లు బయటికి పోవాలి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి ఒక్క పిసరు తేదు. గంటకు 3,000 ఘనపు మీటర్ల సామర్థ్యమున్న ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు పెట్టండి. వాటిని ఒక చివర గోడలో పైన పెట్టి, ఎదుటి చివర కింది కిటికీలు తెరవండి. ఫ్యాన్ పక్కనే తలుపు తెరిచి ఉంటే ఆ తలుపు గాలే అటునుంచి అటు వెళ్లిపోతుంది, హాలు మధ్యలోది కదలదు. ఒక అగరుబత్తి వెలిగించి, మ్యాట్ల ఫోమ్‌కి దూరంగా పట్టుకుని, జనం కూర్చునే ప్రతి మూలా తిరగండి. పొగ ఎక్కడ నిలబడిపోతే అక్కడ గాలి చచ్చి ఉన్నట్టే. అక్కడ బెంచీలు తీసేయండి, లేదా గాలి బయటికి పోయే వైపు తిప్పి పెడస్టల్ ఫ్యాన్ పెట్టండి. పట్టు కోసం చేతులకు రాసుకునే చాక్ పొడి రెక్కలకు పేరుకుని ఫ్యాన్ బలం తగ్గుతుంది, వారానికోసారి తుడిపించాలి. ఇళ్లలో వాడే ఎయిర్ ప్యూరిఫైయర్ గంటకు 300 ఘనపు మీటర్లు వడకట్టేదైతే మీ హాలుకి అది మూడోవంతు మార్పు మాత్రమే. దాని మీద డబ్బు పెట్టకండి.

జిమ్‌ల కోసం కేంద్రం 2020 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మనిషికి 4 చదరపు మీటర్లని ఉండేది. ఆ లెక్కన మీ హాల్లో 37 మందిని పంపొచ్చు. మా సలహా 15 మంది, గంటన్నర స్లాట్లు, మధ్యలో పావుగంట ఖాళీ. మ్యాట్ల మీద పడే చోటు వదిలేస్తే జనం నిలబడే జాగా చాలా తక్కువ మిగులుతుంది.

తెరిచేముందు వైరస్‌తో సంబంధం లేని పని ఒకటుంది, దాన్ని వాయిదా వేయకండి. నెలల తరబడి మూసి ఉన్న హాల్లో, అందులోనూ సముద్రపు తేమలో, ప్లైవుడ్ ఉబ్బి బోల్టులు వదులవుతాయి. ప్రతి హోల్డ్‌నీ మళ్లీ బిగించండి. ఆటో బిలేలకు (పడేవాళ్లను పట్టి మెల్లగా దించే యంత్రాలకు) ఏడాదికోసారి జరగాల్సిన సర్వీసు గడువు దాటిందేమో చూడండి, దాటితే పని చేస్తున్నట్టు కనిపించినా తగిలించవద్దు. రోపుని మొదటి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య నడిపించండి, ఎలుక కొరికిన చోటు, మెత్తబడిన చోటు చేతికే తెలుస్తుంది. ఉతకాలంటే 30 డిగ్రీలు దాటని నీళ్లు, మెత్తటి సబ్బు వాడి నీడలో ఆరబెట్టండి. రోజూ ఉతకనక్కర్లేదు. రెండు సెట్లుంటే మార్చి మార్చి వాడండి.

ప్రశ్న: మేలో కోవిడ్ వచ్చింది. ఇంట్లోనే స్టెరాయిడ్, లెవోఫ్లాక్సాసిన్ వాడి కోలుకున్నాను. అంతకుముందు వి4 (మధ్యస్థాయి కష్టం) బౌల్డర్లు ఎక్కేవాణ్ణి. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా? (విజయవాడ)

మొదలుపెట్టొచ్చు, కానీ వి4 సంగతి కొన్నాళ్లు మరిచిపోండి. ముందు గుండె, ఊపిరితిత్తులు. చేతులు వెచ్చగా ఉన్నప్పుడు ఆక్సీమీటర్ పెట్టుకుని ఆరు నిమిషాలు నడవండి. అంకె 94 కంటే దిగినా, మొదటి అంకె నుంచి 3 పాయింట్లు పడిపోయినా డాక్టర్ని కలవండి. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం ఉంటే ఈసీజీ తీయించుకోకుండా గోడ జోలికి వెళ్లొద్దు. ఇవేవీ లేకపోతే రెండు వారాలు నడక, సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేయండి. ఆ తర్వాత వాలు లేని గోడ మీద, నిండు చేత్తో పట్టుకునే పెద్ద హోల్డ్‌లతో 20 నిమిషాలు. మర్నాడు మామూలుగా లేవగలిగితే వచ్చేవారం మరో పది నిమిషాలు కలపండి. మర్నాడంతా నీరసంగా పడుకోవాల్సి వస్తే ఒక మెట్టు వెనక్కి రండి.

మీరు వాడిన మందుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లెవోఫ్లాక్సాసిన్ ఫ్లోరోక్వినలోన్ జాతి యాంటీబయోటిక్. ఈ మందులు స్నాయువులను బలహీనపరుస్తాయి, అరుదుగా తెగడమూ జరుగుతుంది. స్టెరాయిడ్ తోడైతే, వయసు 60 దాటితే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. మందు ఆపిన కొన్ని నెలల తర్వాత కూడా ఇలా జరిగిన సందర్భాలున్నాయి. మడమ వెనక స్నాయువుకి ఎక్కువ, భుజానికీ చేతికీ కూడా రావచ్చు. సెలవు తర్వాత కండరం కొన్ని వారాల్లో బలం పుంజుకుంటుంది, స్నాయువుకి నెలలు పడుతుంది. "చేతిలో బలం వచ్చేసింది" అనిపించిన రోజే వేలు దెబ్బతినేది. కాబట్టి కనీసం రెండు నెలలు వేళ్లు మడిచి సన్నటి అంచులు పట్టుకునే క్రింప్ వద్దు, ఫింగర్‌బోర్డ్, క్యాంపస్ బోర్డ్ (వేళ్లతో వేలాడి సాధన చేసే పలకలు) అసలే వద్దు. మడమ నొప్పిగా ఉంటే మ్యాట్ మీదికి దూకకుండా హోల్డ్‌లు పట్టుకుని కిందికి దిగండి. ఉంగరపు వేలి మొదట్లో అరచేతి వైపు నొక్కితే నొప్పి ఉన్నా, ఎక్కేటప్పుడు టప్పున శబ్దం వచ్చినా ఆ క్షణమే ఆపి అల్ట్రాసౌండ్ తీయించండి. ఆ వేలిని లాగి చూడడం, మర్దన చేయడం వద్దు.

ప్రశ్న: లిక్విడ్ చాక్‌లో ఆల్కహాల్ ఉంటుంది కదా, శానిటైజర్ బదులు అదే వాడితే సరిపోదా? రోప్ మీద ఎక్కేటప్పుడు ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా? (గచ్చిబౌలి)

సీసా మీద ఆల్కహాల్ శాతం చూడండి. 70 కంటే తక్కువుంటే అది పట్టు కోసమే. చాలా రకాల్లో తక్కువే ఉంటుంది. మామూలు చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. ఇంగ్లండులోని డీ మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో కోవిడ్ వైరస్‌కి బంధువైన ఓసీ43 అనే వైరస్‌తో పరీక్షిస్తే, చాక్ చల్లిన ఉపరితలం మీద అది 99 శాతానికి పైగా దెబ్బతింది. హోల్డ్‌ల గురించి కొంత ధైర్యం తెచ్చుకోవడానికి అది పనికొస్తుంది, చేతులు కడుక్కోవడం మానేయడానికి కాదు. చాక్ పట్టిన చేతికి శానిటైజర్ రాస్తే ముద్దవుతుందే గానీ పని చేయదు. ముందు సబ్బుతో కడగండి.

ఇక లీడ్ ఎక్కేవాళ్లు (రోప్‌ని వెంట తీసుకెళ్తూ దారిలో కొక్కేలకు తగిలించేవాళ్లు) క్లిప్ చేసేముందు, అంటే కొక్కేనికి తగిలించేముందు రోప్‌ని పళ్లతో పట్టుకునే అలవాటు వదలాలి. పదిమంది చేతులు తగిలిన రోప్ అది. ఎక్కేవాళ్లు మాస్కులో "స్లాక్" (రోప్ వదులు చేయి), "టేక్" (బిగించు) అంటే కింద బిలే ఇచ్చేవాళ్లకు (రోప్ పట్టుకుని కాచేవాళ్లకు) సరిగా వినబడవు, ఫ్యాన్ల మోతలో ఇంకా కష్టం. ఎక్కకముందే రోప్‌ని ఎన్నిసార్లు లాగితే ఏమిటో ఇద్దరూ మాట్లాడుకోండి. ఎనిమిది అంకెలా ఉండే ముడి, బకిల్, బిలే పరికరం, క్యారబీనర్ (కొక్కెం) గేటు ఒకరివి ఒకరు చూసుకోవడం చేయి దూరం నుంచే జరగాలి, దూరం పాటించాలని దాన్ని మాత్రం వదలొద్దు.

ప్రశ్న: ఒలింపిక్స్ చూసి మా పదకొండేళ్ల పాప క్లైంబింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. జిమ్‌లో చేర్పించమంటారా? (సికింద్రాబాద్)

జిమ్ కన్నా ఆరుబయట నయం. 2021 ఆగస్టు నాటికి పద్దెనిమిది దాటనివాళ్లకు టీకాలు మొదలవలేదు, ఇంట్లో తాతయ్య, అమ్మమ్మ ఉంటే వాళ్ల సంగతీ చూడాలి. టోక్యోలో ఒలింపిక్స్ ఆటగాళ్లు ఎక్కిన అవోమీ గోడ కూడా ఆరుబయట కట్టినదే. మీకైతే ఖాజాగూడ గ్రానైటు గుట్టలున్నాయి, కాస్త దూరమైనా భువనగిరి కొండ ఉంది. అనుభవమున్న శిక్షకులు, సొంత హెల్మెట్, పిల్లల కొలతకు సరిపోయే హార్నెస్, కింద క్రాష్ ప్యాడ్ (మెత్తటి పరుపు) ఉంటే అక్కడే మొదలుపెట్టించండి. హార్నెస్ నడుం పట్టీ తుంటి ఎముక పైన బిగిశాక కిందికి లాగితే జారకూడదు. నడుం ఇంకా ఏర్పడని పిల్లలకు భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ రకం తీసుకోండి. వాన పడ్డాక తడి గ్రానైటు మీద పట్టు ఉండదు, పగుళ్లలోని నాచు ఇంకా ఆలస్యంగా ఆరుతుంది. ముందురోజు రాత్రి వాన పడితే ఉదయం కాకుండా సాయంత్రం వెళ్లండి.