మ్యాగజైన్ తీసేస్తే సరిపోదు తమ్ముడూ

నీ లైసెన్స్ పిస్టల్ మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసేసాను, ఇక విప్పి తుడిచెయ్యొచ్చా అని అడిగావు కదా, వద్దు, చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) ఒక రౌండ్, అంటే తూటా, ఉండిపోవచ్చు, ప్రమాదమంతా దాంతోనే. మన విజయనగరంలో ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి గొట్టం నిండు ఇసక బస్తా వైపే పెట్టు, వేలు ట్రిగ్గర్ మీదకి పోనీకు. ముందు మ్యాగజైన్, తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి లాగే భాగం), ఈ వరస తిరగబడితే ఏటవుద్దంటే స్లైడ్ లాగినప్పుడు చాంబర్‌లోది బయట పడిపోద్ది గాని వదిలేసరికి మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కేస్తాది, నువ్వేమో ఖాళీ అనుకుంటావు. స్లైడ్ వెనక్కి లాగి గట్టిగా పట్టుకుని వెలుతుర్లో చాంబర్ చూడు, చిటికెన వేలితో తడిమి కూడా చూడు. కొన్ని పిస్టల్స్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాలి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. రౌండ్ ఇరుక్కుంటే పొడవొద్దు, లైసెన్స్ ఉన్న తుపాకుల షాపువాళ్ళకి ఫోన్ చెయ్యి. తూటాలన్నీ వేరే గదిలో తాళమేసాకే నూనె, గుడ్డ తియ్యి.