రెండు కాంట్రాక్టులుగా రాసుకుంటే వారంటీ ఇన్సూరెన్స్ అక్కర్లేదా?

ప్రశ్న: సిడ్నీలో మాకు సొంత ఇల్లుంది. వంటగది, బాత్రూము రెనొవేషన్‌కి బిల్డర్ 34,000 డాలర్లు చెప్పాడు. ఒకే కాంట్రాక్టు అయితే వారంటీ ఇన్సూరెన్స్ కట్టాలట. అందుకని 17,000 చొప్పున రెండు రాసుకుందామని, ప్రీమియం డబ్బులు మాకే మిగులుతాయని అంటున్నాడు. తనకు ఇప్పటికే 2 కోట్ల డాలర్ల ఇన్సూరెన్స్ ఉందని సర్టిఫికెట్ కూడా చూపించాడు. అడ్వాన్స్ 8,000 అడుగుతున్నాడు. మా స్నేహితుల ఇళ్లలో బాగానే చేశాడు. డబ్బు హోమ్ లోన్ రీడ్రా నుంచి, అంటే లోన్‌లో అదనంగా కట్టిన మొత్తం నుంచి, తీద్దామనుకుంటున్నాం. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోకండి. ఆయన పనిమంతుడే అయ్యుండొచ్చు, మీ స్నేహితుల మాటను నేను కాదనడం లేదు. కానీ పని బాగా చేయడం వేరు, మీ డబ్బుకు రక్షణ ఉండటం వేరు.

ముందు ఆ 2 కోట్ల సర్టిఫికెట్ సంగతి. అది దాదాపుగా పబ్లిక్ లయబిలిటీ పాలసీ అయ్యుంటుంది. పని జరిగేటప్పుడు ఎవరికైనా దెబ్బ తగిలినా, పక్కింటి గోడ దెబ్బతిన్నా అది పనికొస్తుంది. రేపు ఆ బిల్డర్ కంపెనీ దివాలా తీస్తే దాన్నుంచి మీకు చిల్లిగవ్వ రాదు. మీకు కావలసింది హోమ్ బిల్డింగ్ కాంపెన్సేషన్ (హెచ్‌బీసీ) కవర్. మీ రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో 2015 వరకు దీన్ని హోమ్ వారంటీ ఇన్సూరెన్స్ అనేవారు, జనం ఇప్పటికీ అలాగే అంటున్నారు. ఇచ్చేది ఐకేర్ అనే ప్రభుత్వ సంస్థ. ఇంటి నిర్మాణమైనా రెనొవేషనైనా, కాంట్రాక్టు విలువ జీఎస్‌టీతో కలిపి 20,000 డాలర్లు దాటితే బిల్డర్ ఈ కవర్ తీసుకుని తీరాలి. అదీ పని మొదలుపెట్టకముందే, మీ దగ్గర ఒక్క డాలరు కూడా పుచ్చుకోకముందే.

ఇల్లు ఒకటే, బిల్డర్ ఒకడే, రెనొవేషనూ ఒకటే. కాగితాలు రెండైనంత మాత్రాన పని రెండు కాదు, చట్టం మొత్తం విలువనే చూస్తుంది. టైల్స్ పని ఒకరికి, వంటగది కేబినెట్లు ఇంకొకరికి, లైసెన్సున్న వేర్వేరు మనుషులకు మీరే విడివిడిగా ఇచ్చుకుంటే అది వేరే సంగతి. అప్పుడు మేస్త్రీ పని మీదే. నీళ్లు కారితే ప్లంబర్ టైల్స్ వేసినవాణ్ని చూపిస్తాడు, టైల్స్ వేసినవాడు ప్లంబర్ని చూపిస్తాడు. ఆ తలనొప్పి భరించే ఓపిక ఉంటేనే అటు వెళ్లండి.

అసలు నాకు అనుమానం ఎక్కడంటే, ప్రీమియం బిల్డరే కట్టి మీ కొటేషన్‌లో కలుపుకుంటాడు. అంటే ఆయన జేబులోంచి పోయేదేమీ లేదు. మరి మీకు డబ్బు మిగల్చాలని ఆయనకెందుకంత తాపత్రయం? ఈ కవర్ అడిగిన ప్రతి బిల్డర్‌కీ ఇవ్వరు. ముందుగా ఐకేర్ దగ్గర అర్హత తెచ్చుకోవాలి. ఆయన ఆర్థిక పరిస్థితి, పాత పనులు, ఒకేసారి ఎంత పని మోయగలడు అనేవి చూసి ఇస్తారు. కాబట్టి నేరుగా అడగండి: "మీకు హెచ్‌బీసీ ఎలిజిబిలిటీ ఉందా?" ఉంది అంటే రెండు కాంట్రాక్టుల ప్రసక్తే అక్కర్లేదు. నసిగితే, ఆయన లెక్కలు చూసే సంస్థ కూడా ఆయన్ని నమ్మలేదేమో అనుకోవాలి. నా దృష్టిలో ఇన్సూరెన్స్ కన్నా ఈ వడపోతే మీకు ఎక్కువ విలువైనది.

అలాగని ఇదేదో గొప్ప పాలసీ అని చెప్పను. బిల్డర్ బతికి ఉండి, అందుబాటులో ఉండి, దివాలా తీయకుండా ఉంటే ఇది మీకు పైసా ఇవ్వదు. పని బాగాలేదని గొడవైతే ముందు ప్రభుత్వ బిల్డింగ్ కమిషన్ దగ్గరికి, ఆ తర్వాత ఇలాంటి తగాదాలు తేల్చే రాష్ట్ర ట్రిబ్యునల్ ఎన్‌క్యాట్‌కి వెళ్లాలి. బిల్డర్ చనిపోయినా, కనిపించకుండా పోయినా, దివాలా తీసినా, ట్రిబ్యునల్ కట్టమన్న డబ్బు కట్టక లైసెన్స్ సస్పెండ్ అయినా అప్పుడే క్లెయిమ్. గరిష్ఠంగా 3,40,000 డాలర్లు. పని మధ్యలో ఆగిపోయినందుకైతే కాంట్రాక్టు విలువలో 20 శాతం వరకే, అంటే మీ విషయంలో 6,800. బ్రిస్బేన్‌లో ఉన్న చుట్టాలు "మాకు అలా కాదే" అనవచ్చు. నిజమే, క్వీన్స్‌ల్యాండ్‌లో 3,300 డాలర్లు దాటిన పనికే కవర్ కావాలి. అక్కడ బిల్డర్ ఉండగానే లోపాలకు క్లెయిమ్ చేసుకునే వీలుంది. మీకు వర్తించేది మీ రాష్ట్రం నియమాలే.

మరి ఇంత పరిమితమైన పాలసీ ఎందుకంటారా? మీది బాత్రూము పని కాబట్టి. బాత్రూములో ఖరీదైన తప్పు టైల్స్ వంకరగా వేయడం కాదు, టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయకపోవడం. అది వెంటనే తెలియదు. రెండు మూడేళ్లకు పక్క గది గోడ చెమ్మగిల్లుతుంది. అప్పటికి ఆ కంపెనీ ఉంటుందో లేదో ఎవరికి తెలుసు? చట్టం వాటర్‌ప్రూఫింగ్‌ను ఇంటి ప్రధాన భాగాల్లో ఒకటిగా చూస్తుంది. బాత్రూము వాడుకోలేని స్థితి తెచ్చేంత పెద్ద లోపాలకు 6 ఏళ్లు, మిగతా వాటికి 2 ఏళ్లు వారంటీ ఉంది. కవర్ లేకపోతే ఆ 6 ఏళ్ల వారంటీ కంపెనీతో పాటే పోతుంది.

పెద్ద కంపెనీ అయితే భయం లేదనీ అనుకోవద్దు. 2023 మార్చిలో ఇళ్లు కట్టే పెద్ద కంపెనీ పోర్టర్ డేవిస్ మూతపడినప్పుడు విక్టోరియాలో 500కు పైగా కుటుంబాలు, డిపాజిట్ కట్టాక కూడా తమ పేరున ఇన్సూరెన్సే తీసుకోలేదని తెలుసుకున్నాయి. ఆ రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చి డిపాజిట్లు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. వేలమంది గోల చేస్తే ప్రభుత్వం కదులుతుంది, ఒక్క ఇంటి వంటగది కోసం కదలదు.

ఇక అడ్వాన్స్. చట్టప్రకారం డిపాజిట్ 10 శాతం దాటకూడదు, అంటే 3,400. అడిగిన 8,000లో సగానికి పైగా మీరు ఇవ్వనక్కర్లేనిది. రీడ్రా డబ్బంతా ఒకేసారి తీయకండి. లోన్‌లో ఉన్నంతకాలం అది మీ వడ్డీ తగ్గిస్తూనే ఉంటుంది. కూల్చివేత, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, కేబినెట్లు ఇలా కాంట్రాక్టులో దశలు రాయించి, ఏ దశ పూర్తయితే దానికే కట్టండి. క్యాష్ అసలే వద్దు. గోడ విప్పాక ఏం బయటపడుతుందో తెలియదు కాబట్టి ఓ నాలుగైదు వేలు పక్కన ఉంచుకోండి. అదనపు పనితో విలువ పెరిగితే కవర్ కూడా పెంచమని బిల్డర్‌ను రాతపూర్వకంగా అడగండి.

సర్టిఫికెట్ వచ్చాక మీ పేరు, ఇంటి చిరునామా, కాంట్రాక్టు విలువ, బిల్డర్ లైసెన్స్ నంబరు సరిగ్గా ఉన్నాయా అని చూసి, హెచ్‌బీసీ చెక్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్‌లోనూ సరిచూసుకోండి. దాన్ని లోన్ కాగితాలతో పాటే దాచండి. వారంటీ గడువులో ఇల్లు అమ్మితే ఆ కవర్ కొనేవాళ్లకు బదిలీ అవుతుంది, వాళ్ల లాయర్ అడుగుతాడు కూడా. మీ మామూలు హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీకి రెనొవేషన్ సంగతి పని మొదలుకాకముందే చెప్పడం మర్చిపోకండి. పని జరిగే రోజుల్లో ఏవేవి కవర్ అవ్వవో వాళ్ల దగ్గర ఈమెయిల్‌లో రాయించుకోండి.