విద్యా మండలిలోకి వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ విశ్వవిద్యాలయంలో చదువు వ్యవహారాలు చూసే విద్యా మండలికి నిన్ను ఎన్నుకున్నారని తెలిసి సంతోషించాను. అభినందనలు ఎటూ చాలామంది చెప్పే ఉంటారు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఒక్క మాట మొదటే చెప్తున్నా, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆ గదిలో ఎవరు ఎంత బాగా మాట్లాడారన్నది ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. సభలో జరిగినదాన్ని అధికారికంగా రాసిపెట్టే కాగితాలే మినిట్స్. మినిట్స్‌లో పడిన వాక్యమే మండలి నిర్ణయం. నీ కన్నెప్పుడూ ఆ వాక్యం మీదే ఉండాలి.

మొదటి వారంలోనే రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి నాలుగు కాగితాలు తెచ్చుకో. విశ్వవిద్యాలయ చట్టం లేదా చార్టర్ (విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన పత్రం), దాని కింద చేసిన స్టాట్యూట్లు అనే ప్రధాన నియమాలు, వాటి కింది ఆర్డినెన్సులు అనే వివర నియమాలు, మండలి సొంత కార్యవిధాన నియమాలు. వాటితోపాటు గత మూడేళ్ల మినిట్స్ కూడా. ఈ వరసలో పైదానికి విరుద్ధంగా కిందిది నిలవదు. మండలి ఏకగ్రీవంగా చేసిన తీర్మానమైనా స్టాట్యూట్‌కు అడ్డొస్తే కోర్టులో ఒక్కరోజు ఆగదు. చట్టంలో మండలి అధికారాలు రాసిన భాగం దగ్గర కూర్చుని క్రియాపదాలు చూడు. కొన్నిచోట్ల మండలి ‘నిర్ణయిస్తుంది’ అని ఉంటుంది. కొన్నిచోట్ల ‘సిఫారసు చేస్తుంది’ అని, మరికొన్నిచోట్ల మండలి అభిప్రాయం తీసుకుని, డబ్బూ ఆస్తులూ చూసే పాలక మండలి నిర్ణయిస్తుందని ఉంటుంది. పక్కన పెన్సిల్‌తో ని, సి, అ అని రాసుకో. సభలో జరిగే గొడవల్లో సగం ఈ మూడింటినీ కలగలిపేయడం వల్ల వచ్చేవే.

సాధారణంగా పాఠ్యప్రణాళిక, పరీక్షా నియమాలు, ప్రవేశ అర్హతలు, డిగ్రీ ఇవ్వడానికి షరతులు, అకడమిక్ క్యాలెండర్ ‘ని’ కింద ఉంటాయి. కొత్త విభాగం తెరవడం, పోస్టులు, ఫీజులు, భవనాలు ‘సి’ లేదా ‘అ’ కిందకు వస్తాయి, ఎందుకంటే అక్కడ డబ్బు ఉంది. చిక్కంతా మధ్యలో పడేవాటితోనే. ఒక కోర్సును మూసేయడం చదువుకు సంబంధించిన విషయమే, కానీ దాంతో పోస్టులూ పోతాయి. అలాంటి ప్రతిపాదన పాలక మండలికి ముందు వెళ్లి, అక్కడ ఖాయమైపోయి, ఆ తర్వాత మీ దగ్గరకు ‘సమాచారం కోసం’ వచ్చిందంటే అక్కడే ఆపు. చదువు సంగతి మండలి తేల్చాక డబ్బు సంగతి పాలక మండలి చూడాలని మీ నియమాల్లో ఉంటే ఆ నిబంధన సంఖ్య చెప్పి అడుగు. గొంతు పెంచనక్కర్లేదు, సంఖ్య చాలు.

ఈ సంస్థకు ఒక్కోచోట ఒక్కో పేరు. సెనేట్ అంటారు, అకడమిక్ కౌన్సిల్ అంటారు, అకడమిక్ బోర్డు అంటారు. పేరు చూసి అధికారం ఊహించుకోకు. చార్టర్ చూడు. టొరంటో విశ్వవిద్యాలయం సంగతే తీసుకో. 1906 నాటి ఒక కమిషన్ నివేదిక తర్వాత అక్కడ డబ్బు, ఆస్తులు ఒక బోర్డుకు, చదువు వ్యవహారాలు సెనేట్‌కు పంచారు. కెనడా అంతటా ఆ రెండు సభల పద్ధతే పాకింది. అదే టొరంటో 1972లో రెండింటినీ తీసేసి 50 మందితో ఒకే గవర్నింగ్ కౌన్సిల్ పెట్టుకుంది. చదువు విషయాలు దాని కింది అకడమిక్ బోర్డులో నడుస్తాయి. మీది ఏ పద్ధతో తెలియకుండా ‘ఇది మా అధికారం’ అంటే అభాసుపాలవుతావు.

రెండు సభలు ఉన్నచోట ఒకదాని నిర్ణయాన్ని రెండోది కొట్టేస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్న వస్తుంది. అమెరికాలో 1966లో అధ్యాపకుల సంఘం, విద్యాసంస్థల మండలి, పాలకవర్గాల సంఘం కలిసి ఒక ప్రకటన తయారు చేశాయి. పాఠ్యాంశాలు, బోధనా పద్ధతి, పరిశోధన, అధ్యాపకుల నియామకాల్లాంటి విషయాల్లో ప్రధాన బాధ్యత అధ్యాపకులదేనని, పాలకవర్గం దాన్ని తోసిపుచ్చడం అరుదుగా మాత్రమే జరగాలని, జరిగితే కారణాలు అధ్యాపకులకు తెలియజేయాలని అందులో ఉంది. దానంతట అది చట్టం కాదు. కానీ అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది: తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా అడగడం. కారణం కాగితం మీదకు వస్తే ప్రతిపాదన సరిదిద్ది మళ్లీ పంపొచ్చు. నోటిమాటగా ‘కుదరదన్నారు’ అని వదిలేస్తే దాన్ని పట్టుకోవడానికి కొసే దొరకదు.

ఇక ఎవరెవరు ఉంటారో చూద్దాం. అధ్యక్షత వహించేది వైస్ ఛాన్సలరో రెక్టరో. డీన్లు, లైబ్రేరియన్ లాంటివాళ్లు పదవిరీత్యా సభ్యులు. ఆపైన నీలా ఎన్నికైన అధ్యాపకులు, బయటి నిపుణులు, విద్యార్థి ప్రతినిధులు. రిజిస్ట్రార్ సాధారణంగా కార్యదర్శి, చాలాచోట్ల ఓటుండదు, కానీ ఎజెండా రాసేదీ మినిట్స్ రాసేదీ ఆ కార్యాలయమే కాబట్టి ఓటున్న పదిమంది కన్నా అక్కడి గుమస్తా ఒకరితో నీకు ఎక్కువ పని పడుతుంది. మర్యాదగా ఉండు.

ఎవరికి ఎన్ని సీట్లన్నది పాత తగాదా. మధ్యయుగాల బొలోన్యాలో విద్యార్థులే సంఘం కట్టి నడిపారు, పారిస్‌లో గురువులు నడిపారు. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1973లో దీనికి లెక్క కట్టింది. విద్యార్థులకు, ఇతర సిబ్బందికి ప్రాతినిధ్యం ఉండొచ్చు, కానీ బోధన విషయాల్లో ప్రొఫెసర్లకు సగం ఓట్లు ఉండాలని, పరిశోధన, నియామకాల్లో వాళ్ల మాట నెగ్గేలా సగానికి మించి ఉండాలని చెప్పింది. ఇక సభ మరీ పెద్దదైతే పని సాగదు. 1904 నాటి భారత విశ్వవిద్యాలయాల చట్టం అందుకే కలకత్తా, బొంబాయి, మద్రాసు సెనేట్ల ఫెలోల (సభ్యుల) సంఖ్యను 50 నుంచి 100కు కట్టడి చేసి, జీవితకాలపు హోదాను అయిదేళ్ల పదవిగా మార్చింది. మీ మండలి పెద్దదైతే అసలు పని స్థాయీ సంఘాల్లో జరుగుతుంది. పాఠ్యప్రణాళిక సంఘంలోనో పరీక్షల సంఘంలోనో చోటు అడుగు. మొదటి ఏడాది రెండింటికి మించి ఒప్పుకోకు.

విద్యార్థి ప్రతినిధుల పదవి చాలాచోట్ల ఏడాదే. పద్ధతి అర్థమయ్యేలోపు వెళ్లిపోతారు. సమావేశానికి ముందురోజు వాళ్లతో ఒక గంట కూర్చుని ఎజెండా వివరించు. ఏ నిబంధన ఎక్కడ గుచ్చుకుంటుందో నీకన్నా వాళ్లకే బాగా తెలుసు.

కోరమ్ అంటే సభ చెల్లడానికి హాజరు కావాల్సిన కనీస సంఖ్య. దాని లెక్క నోటికి వచ్చి ఉండాలి. మండలిలో 60 సీట్లు, కోరమ్ మూడో వంతు అనుకో. 18 ఖాళీగా ఉన్నాయి, ఉన్నది 42 మంది. నియమం ‘మొత్తం సీట్లలో’ అంటే 20 మంది కావాలి, ‘ప్రస్తుత సభ్యుల్లో’ అంటే 14 చాలు. మొదలుపెట్టినప్పుడే కాదు, ఓటు వేసే క్షణానా ఆ సంఖ్య ఉండాలని నియమం ఉన్నచోట మూడో గంటలో తలలు లెక్కపెట్టాల్సిందే. మెజారిటీ కూడా ఇలాంటిదే. హాజరైనవారు 30, అనుకూలం 14, వ్యతిరేకం 10, తటస్థం 6. ‘హాజరై ఓటు వేసినవారిలో’ మెజారిటీ అంటే 24లో 13 చాలు, తీర్మానం నెగ్గింది. ‘హాజరైనవారిలో’ అంటే 16 కావాలి, వీగిపోయింది. అంటే గోడ మీద పిల్లిలా కూర్చున్న ఆ ఆరుగురూ ఒకచోట లెక్కలోనే లేరు, ఇంకోచోట వ్యతిరేక ఓటే వేశారు. తటస్థంగా ఉండాలనుకున్నప్పుడు మీ నియమం ఏదో చూసుకుని మరీ ఉండు.

ప్రతిపాదన నడిచే దారి దాదాపు అన్నిచోట్లా ఒకటే: విభాగం, సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్, కొన్ని విభాగాలు కలిసిన ఫ్యాకల్టీ, మండలి, డబ్బుంటే పాలక మండలి. ఏ మెట్టు దగ్గర ఏం మార్చారో కాగితం మీద కనిపించాలి. పాత నిబంధన ఎడమవైపు, కొత్తది కుడివైపు ఉన్న పట్టిక లేకుండా వచ్చిన ఏ సవరణనూ చర్చకు తీసుకోవద్దని పట్టుబట్టు. ఎజెండాలో ‘చర్చ లేకుండా ఆమోదం’ అని ఒక గుత్తి ఉంటుంది. ప్రమాదమంతా అందులోనే దాక్కుంటుంది. అందులోంచి ఏ అంశాన్నైనా చర్చకు తీయమని సభ్యులు అడగొచ్చు, కానీ గడువుంటుంది, చాలాసార్లు సమావేశానికి ఒకటి రెండు రోజుల ముందే. కాగితాలు అందిన రోజునే మొదట ఆ గుత్తి చదువు.

ఎలా చదవాలో ఒక చిన్న ఉదాహరణ చెప్తాను. రెండో సంవత్సరపు తప్పనిసరి కోర్సును 4 క్రెడిట్ల (కోర్సు బరువును కొలిచే పాయింట్లు) నుంచి 3కు తగ్గిస్తామని ఒక విభాగం పంపింది. ఒక్క క్రెడిటే కదా అనిపిస్తుంది. డిగ్రీకి మొత్తం 160 కావాలి, తప్పనిసరి కోర్సులూ ఐచ్ఛికాలూ కలిపి సరిగ్గా 160కే కూర్చారు. ఇప్పుడది 159. ఆ ఒక్కటి ఎక్కడ కలుపుతున్నారో కాగితంలో లేకపోతే చివరి సెమిస్టర్‌లో ఒక బ్యాచ్ మొత్తం డిగ్రీ అందక నిలబడుతుంది. కోర్సు కోడ్ మారుస్తున్నారా? మారిస్తే, దీన్ని ముందస్తు అర్హతగా పెట్టుకున్న వేరే విభాగాల కోర్సుల్లో పాత కోడే ఉంటుంది, రిజిస్ట్రేషన్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మార్చకపోతే, ఒకే కోడ్ ఒకరి మార్కుల జాబితాలో 4గా, ఇంకొకరిదాంట్లో 3గా కనిపిస్తుంది. పాత కోర్సు తప్పినవాళ్లు ఏది రాయాలి? పాత సిలబస్‌తో పరీక్ష ఇంకా ఎన్నిసార్లు పెడతారు? ఏడాది విరామం తీసుకుని తిరిగొచ్చినవాళ్ల సంగతేమిటి?

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది అమలు తేదీ. ‘ఈ విద్యా సంవత్సరం నుంచి’ అని రాస్తే ఇప్పుడు రెండో ఏడులో ఉన్నవాళ్లకు మధ్యలో నిబంధన మారుతుంది. చేరినప్పటి షరతులు వేరు కాబట్టి వాళ్లు ఫిర్యాదు చేస్తే నెగ్గే అవకాశం ఎక్కువ. ‘ఈ విద్యా సంవత్సరంలో ప్రవేశం పొందే బ్యాచ్ నుంచి’ అని రాస్తే మార్పు వచ్చే ఏడాది ఆ కోర్సు దగ్గరకు చేరుతుంది, ఎవరికీ నష్టం లేదు. రెండు మూడు మాటల తేడా. ఈ మాటలు సభలోనే చదివించి సరిచేయించు, ‘తర్వాత ఆఫీసులో చూసుకుంటారులే’ అంటే ఒప్పుకోకు.

తీర్మానం చివరి మాట కూడా అంతే. ‘ఆమోదించడమైనది’ అంటే అమలుకు వెళ్తుంది. ‘గమనించడమైనది’ అంటే చూశామనే, ఒప్పుకున్నట్టు కాదు. ‘సిఫారసు చేయడమైనది’ అంటే ఇంకొకరి సంతకం మిగిలి ఉంది. ‘ధ్రువీకరించడమైనది’ అంటే ముందే జరిగిపోయినదాన్ని మండలి తన నెత్తిన వేసుకుంది. ‘చర్చించడమైనది’ అని ఆపేస్తే అసలేమీ జరగనట్టే, ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకుంటారు. ‘సూచించిన మార్పులకు లోబడి ఆమోదం’ అన్నది మరీ జారుడు మెట్టు. ఏ మార్పులు, ఎవరు చేస్తారు, ఏ తేదీలోగా, చేశారని ఎవరు సరిచూస్తారు అన్న నాలుగూ అందులో లేకపోతే ఆ మార్పులు జరగవు, ఆమోదం మాత్రం మిగులుతుంది.

అధ్యక్షుడి అత్యవసర అధికారం గురించి. రెండు సమావేశాల నడుమ ఆగలేని పని వస్తే మండలి తరఫున ఆయన నిర్ణయించి తర్వాత సభకు నివేదించొచ్చని చాలా చట్టాల్లో ఉంటుంది. అది ఉండాల్సిందే, పరీక్షల ముందు ప్రకృతి విపత్తు వస్తే సభ పిలిచే వ్యవధి ఉండదు. కానీ ఒక సమావేశానికి అలాంటివి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టు. గత మూడేళ్ల మినిట్స్ అడిగి తెచ్చుకోమన్నది కొంత ఇందుకే. సంఖ్య పెరుగుతూ ఉంటే ధ్రువీకరించే ముందు ప్రతిదానికీ ఆగలేని కారణం ఏమిటో మినిట్స్‌లో రాయమని అడుగు. ఆ ఒక్క అడగడంతో చాలావరకు తగ్గుతాయి.

నీ విభాగపు అంశమో, నీ దగ్గర పరిశోధన చేసేవాళ్ల అంశమో వస్తే ముందే చెప్పి, నియమం కోరితే బయటికి వెళ్లు. వెళ్లిన సమయం, తిరిగొచ్చిన సమయం రాయించుకో. అందరూ ఒకవైపు ఉండి నువ్వొక్కదానివే వ్యతిరేకమైతే ఉలిపికట్టె అంటారేమోనని జంకకు. అసమ్మతిని రెండు మూడు వాక్యాల్లో ముందే కాగితం మీద రాసుకుని చదివి, కార్యదర్శికి ఇచ్చి, మినిట్స్‌లో చేర్చమను. నోటితో చెప్పింది ‘ఒక సభ్యురాలు అభిప్రాయం వ్యక్తం చేశారు’ అని మిగులుతుంది.

ముసాయిదా మినిట్స్ వచ్చాక సవరణలు పంపడానికి కొద్ది రోజులే ఉంటాయి. అందుకే సమావేశం జరిగిన రోజు సాయంత్రమే నీ నోట్సు శుభ్రంగా రాసి పెట్టుకో. ‘ఇది తప్పు’ అని మాత్రం రాయకు. పేరా సంఖ్య వేసి, ఉన్న వాక్యం రాసి, దాని కింద ఉండాల్సిన వాక్యం నువ్వే రాసి పంపు. వచ్చే సమావేశంలో మొదటి అంశం గత మినిట్స్ ఖరారే ఉంటుంది, అది రెండు నిమిషాల్లో దాటిపోతుంది. ఆలస్యంగా వెళ్లకు.

ఉంటాను,
నీ మేలుకోరే పెద్దదిక్కు